కోటా, కడలా: పులికాట్ దారిన ఒక పెళ్లిరోజు

పెళ్లిరోజుకు ఎక్కడికైనా పోదామన్న మాట రాగానే చాలా ఇళ్లలో రెండు కోరికలు ఎదురుబొదురుగా నిలబడతాయి. ఒకరికి పాత కోట, రాతి మండపం, చెప్పుకోడానికి కథ ఉన్న ఊరు కావాలి. ఇంకొకరికి అలల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. మా ఇంట్లో కోట నాది, కడలి ఆయనది. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి బయల్దేరే దంపతులు ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో, ఎంచుకున్నాక ప్రయాణాన్ని ఎలా పేర్చుకోవాలో వరసగా రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. మొదట తేల్చాల్సింది ఊరు కాదు, నెల. మన పక్కనే ఉన్న పులికాట్ సరస్సు ఏ నెలలో ఎలా ఉంటుందో తెలుసుకుంటే సగం వాదన అక్కడే తెగిపోతుంది.

కాబట్టి ముందు పెళ్లిపత్రిక బయటికి తీయండి. అందులో ఫలానా మాసం ఫలానా తిథి అని ఒక రోజు, ఇంగ్లీషు తారీఖు అని ఒక రోజు ఉంటాయి. పెళ్లినాడు రెండూ ఒకటే, మరుసటి ఏటి నుంచి వేరు. చాంద్రమానం ఏడాది ఇంగ్లీషు ఏడాది కంటే సుమారు పదకొండు రోజులు చిన్నది. అందుకని తిథి ఏటేటా ముందుకు జరుగుతూ వచ్చి, అధికమాసం పడ్డాక మళ్లీ వెనక్కి పోతుంది. పందొమ్మిదేళ్లకు ఒకసారి రెండూ దాదాపు ఒకేచోట కలుస్తాయి. పందొమ్మిదో పెళ్లిరోజు, ముప్ఫై ఎనిమిదో పెళ్లిరోజు ఇలా కలిసొస్తాయి. మిగిలిన ఏళ్లలో మామూలుగా మీ చేతిలో రెండు రోజులున్నట్టే. ఒకదాన్ని ఇంటికి, గుడికి, పిల్లలకు, పెద్దవాళ్లకు ఇచ్చేయండి. రెండోదాన్ని మీ ఇద్దరికే పెట్టుకోండి. రెండింటిలో శని, ఆదివారాలు తగలని రోజు ప్రయాణానికి మేలు. వారాంతంలో చెన్నై జనం తీరమంతా పరుచుకుంటారు, గదుల ధరలూ పెరుగుతాయి.

ఇక నెల సంగతి. దీని దగ్గర కాస్త నిదానంగా కూర్చోవాలి.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఇక్కడి తెలుగువాళ్ల నోట దాని పాత పేరు ప్రళయకావేరి. స.వెం.రమేశ్ తన కథల పుస్తకానికి పెట్టింది ఆ పేరే. ఉత్తరాన వాకాడు వైపు నుంచి దక్షిణాన పళవేర్కాడు దాకా దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంటుంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకుని ఉంటుంది. ఇంత పెద్ద నీటికి సగటు లోతు మాత్రం మీటరు అటూ ఇటూ. ఆ తక్కువ లోతే దాని భాగ్యం, దాని కష్టం కూడా. పొడుగు కాళ్ల ఫ్లెమింగోలు నడినీళ్లలో నిలబడి, తల బోర్లించి మేయగలిగేది అందుకే. ఎండలు ముదిరితే ఉత్తరపు భాగం ఎండి, నేల నెర్రెలిచ్చి, పైన ఉప్పు పొర తేలేదీ అందుకే. సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడంతో ఆ ఎండటం ఇంకా త్వరగా మొదలవుతోంది. పూడిక తీయమని మత్స్యకారులు ఎంతోకాలంగా అడుగుతున్నారు. వాళ్ల బతుకుకు సంబంధించిన ఆ కోరిక తీరాలని, చూడటానికి పోయే మనమూ గట్టిగా కోరుకోవాలి.

మనకు పెళ్లి ముహూర్తాలు ఎక్కువగా పడే నెలలను ఈ నీటితో కలిపి చూడండి. మాఘ ఫాల్గుణాల్లో, అంటే ఫిబ్రవరి, మార్చి మొదట్లో, ఈశాన్య రుతుపవనాల వానలతో నిండిన సరస్సు ఇంకా నిండుగానే ఉంటుంది. అక్టోబరు నుంచి వచ్చిన పక్షులు అప్పటికి తిరిగిపోవు. ఎండ ఇంకా మెత్తగానే ఉంటుంది. ఈ నెలల్లో పెళ్లయినవాళ్లు రెండో ఆలోచన లేకుండా పులికాట్ పోవచ్చు. వైశాఖ జ్యేష్ఠాల్లో పెళ్లయినవాళ్ల సంగతి వేరు. మే నెల ఎండలో కోట గోడల వెంట నడవడం ఎవరికీ పండగ కాదు, పులికాట్లో చూడబోయేది ఎండిన నేల. ఆ జంటలో సముద్రం కోరినవాళ్ల మాటే నెగ్గనివ్వండి. శ్రావణంలో అయితే చంద్రగిరి కొండలు పచ్చబడతాయి, సాయంత్రాలు చల్లబడతాయి, సరస్సుకు మాత్రం ఇంకా నీళ్లు రావు. అప్పుడు కోట కోరినవాళ్ల వంతు. కార్తీకం, మార్గశిరం తుపాన్ల కాలం. నేలపట్టులో పక్షుల గూళ్లు చూడటానికి ఇంతకంటే మంచి రోజులు లేవు కానీ, వాయుగుండం పడిందంటే తీరం వైపు పోగూడదు. ఆ నెలల వాళ్లు డబ్బు వెనక్కిచ్చే గదులే తీసుకోవాలి.

నెల తేలాక మనుషులను అడగాలి. ఎక్కడికి పోదామని కాదు, అక్కడ ఏం కావాలని. విడివిడిగా అడగాలి, అదీ పిల్లలు దగ్గర లేనప్పుడు. పిల్లలుంటే ఇద్దరూ పిల్లలకు నచ్చేదే చెబుతారు.

"అంత దూరం పోయి ఉత్తినే సముద్రం చూస్తా కూర్చుంటారా? ఏముందండీ అక్కడ?" అని నేను ఈయన్ని అడిగితే, "అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు" అన్నారు. ఏళ్ల తరబడి ఫోను మోగిన ప్రతిసారీ లేచి పోయే ఉద్యోగం చేసిన మనిషి మాట అది. "మరి నీకా కోటలో ఏముంది?" అని ఆయన అడిగితే, "ఇంటి సంగతులు కాకుండా మనిద్దరం ఇంకేదైనా మాట్లాడుకోవచ్చు కదా" అన్నాను. చూడండి, ఈ రెండు జవాబుల్లోనూ ఊరి పేరు లేదు. ఒకరికి కావాల్సింది విశ్రాంతి, ఒకరికి కావాల్సింది కబుర్లు. ఇంత స్పష్టంగా బయటపడ్డాక ఊరిని వెతకడం చాలా తేలిక.

ఇద్దరికీ విశ్రాంతే కావాలని తేలితే మొహమాటం లేకుండా బీచ్ రిసార్టుకే పోండి. నెల్లూరు దగ్గర మైపాడు ఉంది. కొంచెం దూరమైనా ఫరవాలేదంటే మహాబలిపురం దారిలో రిసార్టులు వరసగా ఉన్నాయి. అక్కడ పల్లవుల తీరాలయం కూడా ఉంది కాబట్టి కోట కోరినవాళ్లకూ కొంత దక్కుతుంది. 1984లోనే అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గది తీసుకునే ముందు ఫోన్ చేసి, గది నుంచి అలల దాకా నడక ఎంత, మధ్యలో రోడ్డు దాటాలా, మధ్యాహ్నం పూట నీడన కూర్చునే చోటుందా, ఎన్నింటికి ఖాళీ చేయాలి అని అడగండి. బొమ్మల్లో సముద్రం కిటికీలోనే ఉన్నట్టు కనిపిస్తుంది, అడిగితేనే దూరం తెలుస్తుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మన తూర్పు తీరంలో అలల కింది లాగుడు బలంగా ఉంటుంది. మోకాళ్ల దాకా తడవడం వేరు, ఈతకు దిగడం వేరు. ఈత కావాలంటే కొలను ఉన్న చోటు చూసుకోండి.

ఇద్దరికీ కబుర్లే కావాలంటే చంద్రగిరి చాలు, తిరుపతి నుంచి అర గంట ప్రయాణం. రాజమహల్ కట్టడంలో చెక్క వాడలేదు, రాయి, ఇటుక, సున్నంతోనే మూడంతస్తులు నిలబెట్టారు. లోపలి మ్యూజియానికి శుక్రవారం సెలవు, కనుక పెళ్లిరోజు శుక్రవారం పడితే ప్రయాణం మరో రోజుకు మార్చుకోండి. మధ్యాహ్నం మూడు దాటాక పోయి, పొద్దు వాలేదాకా చెరువు పక్కన కూర్చుని రండి.

ఒకరికి అది, ఒకరికి ఇది అయితే పులికాట్ పోవాలి. మా లెక్క తేలింది అక్కడే. రెండు రోజులు, ఒక రాత్రి, పోయిన దారిన తిరిగి రాకుండా చుట్టు తిరిగి ఇల్లు చేరే ప్రయాణం.

మొదటి రోజు తెల్లవారకముందే బయల్దేరండి. రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట దారి. కాళహస్తిలో దర్శనానికి ఆగితే ఉదయమంతా అక్కడే గడిచిపోతుంది, కనుక ఆ దర్శనాన్ని తిథి రోజుకు ఉంచుకోవడం మంచిది. నాయుడుపేట దాటి సూళ్లూరుపేట వైపు పోతుంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు దారి చీలుతుంది. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన చెరువు అది. నీళ్లలో మునిగి నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. మేత కోసం పులికాట్‌కు పోయి, పిల్లల నోటికి చేపలు మోసుకొస్తాయి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని ఇక్కడి రైతులు వాటిని పదిలంగా చూసుకుంటారు. పొద్దున్నే పోతేనే గూళ్ల దగ్గర సందడి కనిపిస్తుంది. ఎర్రటి పట్టుచీర ఆ రోజుకు వద్దు, మట్టి రంగో ఆకుపచ్చో కట్టుకోండి. బైనాక్యులర్ ఇంట్లో లేకపోతే ఎవరినైనా అడిగి తీసుకుపోండి. ఇక్కడ మాట్లాడే మనిషికీ, మౌనంగా ఉండే మనిషికీ ఇద్దరికీ పని దొరుకుతుంది.

మధ్యాహ్నానికి సూళ్లూరుపేట చేరి గది తీసుకోండి. ఇస్రో పనుల మీద వచ్చిపోయేవాళ్లు ఉంటారు కాబట్టి ఊళ్లో లాడ్జీలున్నాయి, ఇంకొంచెం వసతి కావాలంటే తడ దగ్గర శ్రీసిటీ వైపు చూడొచ్చు. కానీ ముందే చెప్పుకోవాలి, సరస్సు ఒడ్డున అలలు వినిపించే రిసార్టు గది కోసం ఇక్కడికి రాకూడదు. ఇక్కడ గది నిద్రకే. గది తీసుకునే ముందు రెండు విషయాలు కనుక్కోండి. ఫ్లెమింగో పండగ ఆ రోజుల్లో ఉందా? శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉందా? రెండింటికీ ఊరు నిండిపోతుంది. ప్రయోగం చూడాలని ఇద్దరికీ ఉంటే అదొక అదృష్టమే. 2019 నుంచి జనం కూర్చుని చూడటానికి ప్రత్యేకంగా గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి. 2025 జనవరి 29 ఉదయం అక్కడి నుంచి వందో ప్రయోగం జరిగింది. అయితే ప్రయోగం వాయిదా పడటం మామూలు సంగతి, పెళ్లిరోజును దానికి ముడిపెట్టొద్దు.

నాలుగు గంటలకు శ్రీహరికోట రోడ్డు ఎక్కండి. సూళ్లూరుపేట నుంచి దీవికి పోయే ఆ రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది, రెండు వైపులా నీళ్లే. మధ్యలో అటకానితిప్ప అనే చోటు వస్తుంది. నీళ్ల అంచున గులాబీ గీత కనిపిస్తే బండి పక్కకు ఆపండి, అవే ఫ్లెమింగోలు. బండి రోడ్డు మీదే నిలపొద్దు, అంతరిక్ష కేంద్రం బస్సులు ఆగకుండా తిరిగే దారి అది. పాస్ లేకపోతే చెక్‌పోస్టు దగ్గరి నుంచి వెనక్కి రావాల్సిందే. వెనక్కి వచ్చేటప్పటికి పొద్దు సూళ్లూరుపేట వైపు, అంటే మీ ఎదురుగా దిగుతుంటుంది. ఈయన ఆ రోడ్డు పక్కన మడతకుర్చీ వేసుకుని ఫోను బండిలోనే వదిలేశారు. తనకు కావాల్సింది మొదటి రోజే దొరికిపోయింది.

రాత్రి భోజనానికి రొయ్యల వేపుడు, పీతల పులుసు అడగండి. ఇద్దరిలో ఒకరు శాకాహారులైతే ఊరి అమ్మవారు చెంగాళమ్మను దర్శించుకుని టిఫిన్‌తో సరిపెట్టుకోవచ్చు.

రెండో రోజు నా వంతు. సూళ్లూరుపేట నుంచి తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి మీదుగా పళవేర్కాడు చేరడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. పులికాట్ అని ప్రపంచానికి తెలిసిన ఊరు ఇదే. పోయే ముందు ఒక గంట కూర్చుని దీని కథ ఇద్దరూ చదువుకోండి. ఎందుకంటే ఇక్కడ కళ్లకు కనిపించేది తక్కువ, తెలుసుకుని చూడాల్సింది చాలా ఎక్కువ.

డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారం చేసుకోడానికి 1610లో అనుమతి ఇచ్చింది మన వెంకటపతిరాయలు. పెనుకొండ నుంచి చంద్రగిరికి, అక్కడి నుంచి వేలూరుకు రాజధాని మార్చుకుంటూ విజయనగరాన్ని కాపాడుకొచ్చిన రాయలు ఆయనే. అప్పటికే తీరంలో పాతుకున్న పోర్చుగీసులు ఓర్వలేక 1612లో దాడి చేసి డచ్చి కొఠీని నాశనం చేశారు. మరుసటి ఏడు, 1613లో, గెల్డ్రియా కోట లేచింది. అధికారి వెమ్మర్ వాన్ బెర్చెమ్ సొంత సీమ గెల్డర్లాండ్ పేరు దానికి పెట్టారు. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమండల్ తీరంలో డచ్చివాళ్ల రాజధాని ఇదే. మన నేతగాళ్లు నేసిన గుడ్డ ఇక్కడ ఓడలెక్కి తూర్పు దీవులకు పోయి, అక్కడ లవంగాలు, జాజికాయలుగా మారేది. కోటలో తుపాకిమందు చేసేవాళ్లు. కరువుల్లో, యుద్ధాల్లో చిక్కిన మనుషులను కొని బానిసలుగా తూర్పు దీవుల్లోని బటేవియాకు పంపిందీ ఈ రేవు నుంచే. పెళ్లిరోజున ఇదంతా ఎందుకని అనుకోవచ్చు. అలా పోయినవాళ్లలోనూ ఆలుమగలుండి ఉంటారు, విడిపోయినవాళ్లుంటారు. ఆ రేవులో నిలబడి వాళ్లను తలుచుకోవడం నాకు అపశకునంగా అనిపించలేదు. మేమిద్దరం పక్కపక్కన నిలబడి ఉండటం ఎంత పెద్ద సంగతో అక్కడే నాకు బాగా తెలిసింది.

ఇదే చరిత్రలో మరో పాయ సరస్సు ఉత్తరపు కొసన ఉంది. ఇంగ్లీషువాళ్లు చెన్నపట్నం కంటే ముందు, 1626లో, వాకాడు మండలం దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డేనే 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర చెన్నపట్నం నేల సంపాదించాడు. చెన్నై మహానగరం మొదలు మన సరస్సు ఒడ్డున ఉందన్నమాట. మూడో రోజు కూడా ఉన్నవాళ్లు అటు పోయి, దగ్గర్లోని తూపిలిపాలెం తీరంలో సరుగుడు తోటల వెంట నడిచి రావచ్చు.

పళవేర్కాడులో కోట ఏదని వెతికితే తుప్పలు కమ్మిన దిబ్బ, కందకం ఆనవాలు కనిపిస్తాయి. అంతే. బురుజులు ఊహించుకుని వస్తే నిరాశ తప్పదు, ఆ సంగతి ఇంటి దగ్గరే ఇద్దరూ చెప్పుకోండి. డచ్చి శ్మశానం మాత్రం పురావస్తు శాఖ కాపాడటం వల్ల చక్కగా ఉంది. ద్వారానికి రెండు వైపులా చెక్కిన అస్థిపంజరాలు, లోపల శిలల మీద డచ్చి అక్షరాలు, వంశ చిహ్నాలు. తొందరపడకుండా ఒక్కో రాయీ చూడండి. ఊళ్లోనే విజయనగర కాలపు ఆదినారాయణ పెరుమాళ్ గుడి ఉంది, పాత మసీదులున్నాయి. వీధుల్లో తమిళంతోపాటు తెలుగూ వినిపిస్తుంది.

ఎండ ఎక్కేసరికి వంతెన దాటి లైట్‌హౌస్ వైపు పోండి. అక్కడ నేల సన్నగా సాగి, ఒక పక్క సముద్రం, ఒక పక్క సరస్సు ఉంటాయి. రిసార్టు ఇవ్వలేనిది ఇదే. తెల్లవారి పొద్దు సముద్రంలోంచి లేచి, సాయంత్రం సరస్సులోకి దిగే చోట్లు మన తీరంలో ఎక్కువ లేవు. నీడ ఉండదు, కొట్లు తక్కువ, కనుక కుర్చీ, గొడుగు, నీళ్లు మనమే మోసుకుపోవాలి. పడవ ఎక్కాలనిపిస్తే ముందు అనుమతి ఉన్నదో లేదో అక్కడి పోలీసులనో, పర్యాటక శాఖనో అడగండి. 2011 డిసెంబరు 25న ఇక్కడ విహారానికి పోయిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎవరు పిలిచినా ఎక్కకండి. ఆంధ్ర వైపు పడవ షికారు కావాలంటే తడ దగ్గర భీములవారిపాలెం రేవులో విచారించండి, అదీ వెలుగుండగానే.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన వద్దు. పొన్నేరి నుంచి పెరియపాళయం, ఊత్తుకోట మీదుగా రండి. మీరు వదిలివచ్చిన సరస్సులో కలిసే ఆరణి నదికి ఎదురు పోతున్నట్టే ఆ దారి సాగుతుంది. ఊత్తుకోట దాటగానే మన రాష్ట్రంలోకి వచ్చి, ఆరణి ఒడ్డున సురుటుపల్లిలో ఆగండి. హాలాహలం మింగిన శివుడు అలసి, పార్వతి ఒడిలో తల పెట్టుకుని పడుకున్న గుడి అది. లింగం కాదు, నిలువెత్తు శయనమూర్తి. చుట్టూ ఉన్న దేవుళ్లలోనూ ఎక్కువమంది తమ తమ భార్యలతో కలిసే దర్శనమిస్తారు, దంపతులు జంటగా పోయి మొక్కుకునే చోటు. ప్రదోషం నాటి సాయంత్రం జనం విపరీతంగా ఉంటారు, కాబట్టి పంచాంగంలో త్రయోదశి ఎప్పుడో ముందే చూసుకుని, ఆ రోజు తగిలితే పళవేర్కాడు నుంచి మధ్యాహ్నమే బయల్దేరండి. అక్కడి నుంచి నాగలాపురం, పుత్తూరు మీదుగా రాత్రి భోజనం వేళకు తిరుపతి చేరతారు.